వేరొకరి కోసం వచ్చిన చూపు

ధ్యాన భాగం: 1 సమూయేలు 16:1-13

ఇంగ్లండులోని లీసెస్టర్ సిటీ క్లబ్బు కోసం అప్పట్లో ఆటగాళ్లను వెతికిన స్టీవ్ వాల్ష్ ఫ్రాన్సులో లెహావ్ర్ జట్టు ఆట చూడటానికి వెళ్లింది రియాద్ మహ్రెజ్ కోసం కాదు, అదే జట్టులోని ర్యాన్ మెండెస్ కోసం. తీరా చూస్తే ఆయన కళ్లు గీత పక్కన ఆడుతున్న బక్కపలచని కుర్రాడి మీదే నిలిచిపోయాయి.

కొత్త రాజును అభిషేకించడానికి యెష్షయి ఇంటికి వెళ్లిన సమూయేలు ప్రవక్త కూడా ముందు ఏలీయాబునే చూశాడు. మనిషి ఎత్తరి, చూడగానే రాజులా ఉన్నాడు. ఒకరి వెనుక ఒకరు ఏడుగురు కొడుకులూ ముందుకు వచ్చి వెళ్లారు. ఎనిమిదోవాడు దావీదు గొర్రెల దగ్గర ఉన్నాడు. వాణ్ణి పిలవాలని కన్నతండ్రికే తోచలేదు.

మహ్రెజ్ పుట్టింది 1991లో, పారిస్ ఉత్తర శివారు సార్సెల్‌లో. అల్జీరియా నుంచి వలస వచ్చిన తండ్రి కూడా ఫుట్‌బాల్ ఆడినవాడే. కొడుకుకు 15 ఏళ్లప్పుడు గుండెపోటుతో పోయాడు. ఆట ఉంది కానీ ఒంట్లో కండ లేదన్నారు చూసినవాళ్లు. తోటివాళ్లు పెద్ద క్లబ్బుల అకాడమీల్లో స్థిరపడే వయసుకు, అంటే 18 ఏళ్లకు, అతను బ్రిటనీలోని కెంపేర్ అనే చిన్న జట్టులో నాలుగో డివిజన్ ఆడుతున్నాడు. తర్వాత లెహావ్ర్, అక్కడా మొదట రిజర్వు జట్టే. 2014 జనవరిలో లీసెస్టర్ అతణ్ణి సుమారు 4,50,000 పౌండ్లకు తీసుకుంది. పెద్ద క్లబ్బుల లెక్కలో అది చిల్లర. 2016లో లీసెస్టర్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. ఆ ఏడు ఇంగ్లండులో ఆడే ఆటగాళ్లు ఓట్లేసి ఎన్నుకున్న ఉత్తమ ఆటగాడు మహ్రెజే. ఆఫ్రికా దేశానికి ఆడేవాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

అతని ఆటను ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. వింగర్ నిలబడేది మైదానం అంచున. ఒక్కోసారి చాలాసేపు బంతే రాదు. వచ్చాక మహ్రెజ్ పరుగెత్తడు. కుడి గీత దగ్గర బంతిని దాదాపు ఆపేస్తాడు. ఎదుటివాడి బరువు ఏ కాలి మీదికి మళ్లుతుందో కనిపెడతాడు. భుజం ఒకవైపు వంచి, ఎడమ కాలితో లోపలికి జారిపోతాడు. కాస్త తొందరపడినా ఆ ఎత్తు పారదు. ఎవరూ చూడని మైదానాల్లో ఏళ్ల తరబడి ఆడితేనే కాలికి అంత ఓపిక వస్తుందని నాకనిపిస్తుంది.

మహ్రెజ్ ముస్లిం. అతని జీవితాన్ని మన సాక్ష్యంగా మార్చుకునే హక్కు నాకు లేదు. కానీ మరుగున ఉన్న చోట మనుషులకు పని నేర్పేది దేవుడేనని మనసారా నమ్ముతాను. దావీదు కూడా అభిషేకం అయ్యాక మళ్లీ గొర్రెల దగ్గరికే వెళ్లాడు. సింహాసనం ఎక్కేసరికి అతనికి 30 ఏళ్లు.

ఈ అధ్యాయంలో నన్ను ప్రతిసారీ ఆపేసేది నూనె కొమ్ము కాదు, సమూయేలు కూర్చోకపోవడం. చిన్నవాడు వచ్చేదాకా కూర్చునేది లేదన్నాడు. ఎవరో పొలానికి పరుగెత్తి ఉంటారు. అంతసేపూ అన్నలు, తండ్రి, ఊరి పెద్దలు, అందరూ నిలబడే ఉన్నారు. గొర్రెల వాసనతో, చెమటతో వచ్చే ఒక్క పిల్లవాడి కోసం.

ప్రార్థన: ప్రభువా, వయసు మించిపోతోందని ఇంటా బయటా మాటలు పడుతున్న బిడ్డలను ఈ ఉదయం నీ చేతుల్లో పెడుతున్నాం. తలుపు తెరుచుకునేదాకా వాళ్ల చేతిలోని పనిని వాళ్లకు ప్రియం చెయ్యి. మా ఇంట్లో, మా సంఘంలో మేము పిలవడం మరిచిన పేరు ఏదో గుర్తు చెయ్యి. వాళ్లు వచ్చేదాకా మమ్మల్ని కూర్చోనివ్వకు. ఆమేన్.