నిధి ఆచూకీ చెప్పిన దొంగ

మా కాలనీ గ్రంథాలయంలో నెలకోసారి పదిమందిమి చేరి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. మామూలుగా అక్కడ ఎవరి గొంతూ లేవదు. పోయిన నెల లేచింది. ఆ రోజు బల్ల మీదున్నది పాలో కొయెలో నవల ‘ది ఆల్కెమిస్ట్’. మనవాళ్లు ‘పరుసవేది’ పేరుతో తెలుగులో చదువుకున్న పుస్తకమే.

మొదట మాట్లాడిన కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి మృదంగం సాధన చేస్తున్నాడు. “ఈ పుస్తకం చేతికి రాకపోతే ఇంకా ఆ కుర్చీలోనే ఉండేవాణ్ని” అన్నాడు. మనసారా కోరుకున్నవాడికి విశ్వమంతా తోడొస్తుందని నవల పదే పదే చెప్తుంది. ఆ మాటను అతను మంత్రం చెప్పినంత భక్తిగా చెప్పాడు. ఎదురుగా ఉన్న రిటైర్డ్ టీచరమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారు. ఆకాశవాణిలో వాయించాలని కల. పెళ్లయిన ఏడాదికే మామగారు పక్షవాతంతో మంచం పట్టారు, వీణ అటకెక్కింది. “అయితే నేను మనసారా కోరుకోలేదంటావా నాయనా?” అని అడిగారు. “అలా కాదండీ టీచరుగారూ...” అని అతను ఆగిపోయాడు.

నాకూ వెంటనే జవాబు తోచలేదు. ఇంటికొచ్చి ఆ నవల మళ్లీ తీశాను.

ఆండలూసియాలో గొర్రెలు కాసుకునే శాంటియాగో ఒక పాడుబడ్డ చర్చిలో చెట్టు కింద పడుకుంటాడు. ఈజిప్టు పిరమిడ్ల దగ్గర నీకు నిధి ఉందని కల వస్తుంది, అదే కల మళ్లీ వస్తుంది. షాలేము రాజు మెల్కీసెదెకు ఎదురై వెళ్లమంటాడు. ఆదికాండంలో అబ్రాహాము దశమభాగం ఇచ్చింది ఈ రాజుకే, నవలలో కుర్రాడు కూడా తన మందలో పదోవంతు ఇచ్చుకుంటాడు. మిగతా గొర్రెల్ని అమ్మి సముద్రం దాటి, టాంజియర్‌లో దిగిన రోజే డబ్బంతా పోగొట్టుకుంటాడు. గాజు సామాన్ల కొట్లో దాదాపు ఏడాది పనిచేస్తాడు. తర్వాత ఎడారి, ఒంటెల బిడారు, ఒయాసిస్సు, ఫాతిమా అనే అమ్మాయి, రసవాది. చివరికి పిరమిడ్ల దగ్గర ఇసుక తవ్వుతుంటే దొంగలు పట్టుకుని చావగొడతారు. పోతూ పోతూ వాళ్ల నాయకుడు ఎగతాళిగా చెప్తాడు. తనకూ ఇదే చోట పదే పదే కల వచ్చిందట. స్పెయిన్‌లో గొర్రెలకాపరులు పడుకునే పాడు చర్చిలో, చెట్టు వేళ్ల కింద నిధి ఉందట. ఒక కలను పట్టుకుని ఎడారి దాటి పోవడానికి తనకేమీ పిచ్చి లేదట.

బ్రెజిల్‌లో 1988లో ఇది పోర్చుగీసు భాషలో వచ్చినప్పుడు మొదటి ప్రచురణకర్త దాదాపు 900 ప్రతులు అమ్మి, ఇక వేయనని హక్కులు తిరిగిచ్చేశాడు. మరో సంస్థ మళ్లీ వేసింది. 1993లో ఇంగ్లిషులోకి వెళ్లింది. ఇప్పుడది 80కి పైగా భాషల్లో ఉంది. రచయితనవుతానన్న కొడుకు తీరు చూసి భయపడి మానసిక వైద్యశాలలో చేర్పించిన తల్లిదండ్రుల బిడ్డ కొయెలో. 1986లో స్పెయిన్‌లోని శాంటియాగో దె కంపోస్తెలాకు కాలినడకన యాత్ర చేశాక గానీ తన పుస్తకాల దారి ఆయనకు తెరుచుకోలేదు. కథానాయకుడి పేరు కూడా ఆ యాత్రను గుర్తుచేసేదే. అందుకే అభిమానులు ఈ నవల బతుకే దాని మాటకు సాక్ష్యం అంటారు. కానీ 900 ప్రతుల దగ్గర ఆగిపోయి ఎవరూ మళ్లీ వేయని పుస్తకాలు రాసినవాళ్లు ఎంతమందో. వాళ్ల కోరికలో మనసు లేదని ఎవరు చెప్పగలరు?

నవల నచ్చనివాళ్లు ఇంకొన్ని మాటలు అంటారు. మరీ సులువైన వేదాంతమని, చివరికి దొరికింది పెట్టె నిండా బంగారు నాణేలేనని, ఫాతిమాకు ఎదురుచూడటం తప్ప ఈ కథలో వేరే పని లేదని. ఫాతిమా విషయంలో నేనూ వాళ్లవైపే. ఎడారి ఆడపిల్లకు కల ఉండదా?

అయినా నన్ను ఎక్కువ కలవరపెట్టింది టీచరమ్మ ప్రశ్నే. ‘కోరితే విశ్వం తోడొస్తుంది’ అన్న మాట బయలుదేరేవాడికి బలం. అదే మాటను ఆగిపోయినవాడి మీదికి తిప్పితే, తోడు రాలేదంటే నీ కోరికలోనే లోపముందన్న నింద అవుతుంది. మన పెద్దలు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉన్నారు. గీత 18వ అధ్యాయం 14వ శ్లోకంలో శ్రీకృష్ణుడు ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెప్తాడు. ఆధారమైన శరీరం, చేసే కర్త, ఇంద్రియాలనే పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. మొదటి నాలుగూ ఎంత ఉన్నా ఐదోది మన చేతిలో లేదు. దీన్ని నిరాశ నేర్పే మాటగా చాలామంది తీసుకుంటారు. నాకు మాత్రం ఇందులో గొప్ప దయ కనిపిస్తుంది. నెగ్గినవాడు అంతా నా గొప్పే అనుకోకుండా, ఓడినవాడు అంతా నా తప్పే అని కుమిలిపోకుండా ఇద్దరినీ కాపాడేది ఆ ఐదోదే.

మరి ఈ నవలను పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు. దాని అసలు బలం ఆ వాగ్దానంలో కాకుండా దొంగ చెప్పిన కలలో ఉంది. ఆ కల కొయెలోది కూడా కాదు, ఎన్నో చేతులు మారి వచ్చింది. 13వ శతాబ్దంలో జలాలుద్దీన్ రూమీ ‘మస్నవీ’లో బాగ్దాద్‌వాసి ఒకడు ఆస్తంతా పాడుచేసుకుని, కల నమ్మి ఈజిప్టు వెళ్తాడు. అక్కడ రాత్రి గస్తీవాడు పట్టుకుని కొట్టి, విషయం విని నవ్వుతాడు. బాగ్దాద్‌లో ఫలానా వీధిలో ఫలానా ఇంట్లో నిధి ఉందని నాకూ కల వస్తూనే ఉంది, నేను వెళ్లానా అంటాడు. ఆ ఇల్లు ఇతనిదే! అరేబియన్ నైట్స్‌లో ఈ కథ ఉంది. యూదుల్లో క్రాకోవ్ రబ్బీ ప్రేగ్ వంతెన దాకా వెళ్లి, తన ఇంటి పొయ్యి కింద నిధి ఉందని అక్కడి కాపలాదారు నోట వింటాడు. అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1935లోనే తన పుస్తకంలో ఈ కథను తిరిగి చెప్పాడు. ఇన్ని మతాలవాళ్లు, ఇన్ని ఊళ్లవాళ్లు ఒకే కథను జాగ్రత్తగా దాచుకున్నారంటే అది ఊసుపోక చేసిన పని అయ్యుండదు.

వీటన్నిటికంటే ముందే ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో ఒక పోలిక చెప్పింది. భూమిలో బంగారు నిధి పాతిపెట్టి ఉంటుంది. ఆ నేల సంగతి తెలియనివాళ్లు దాని మీదుగానే రోజూ అటూ ఇటూ నడుస్తూ దాన్ని పొందలేకపోతారు. జీవులు కూడా నిద్రలో రోజూ బ్రహ్మలోకానికి వెళ్లొస్తూనే దాన్ని ఎరగరు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమని మన అమ్మమ్మలు చెప్పిందీ ఇదే. వేదాంతులు దీన్నే కంఠచామీకర న్యాయం అన్నారు. గొలుసు మెడలోనే ఉంటుంది, పోయిందనుకుని ఇల్లంతా గాలిస్తాం, ఎవరో ఒకరు ‘నీ మెడలో చూసుకో’ అనాలి.

ఆ ‘ఎవరో ఒకరు’ ఈ కథల్లో దొంగో, గస్తీవాడో కావడం నాకెంతో నచ్చుతుంది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల లెక్క చెప్తూ కొండచిలువనీ, పింగళ అనే వేశ్యనీ కూడా కలుపుకున్నాడు. శాంటియాగోకు దారి చూపిన గురువులందరిలో ఆఖరివాడు, తాను గురువునని ఎరగనివాడు ఆ దొంగ. కల ఇద్దరికీ వచ్చింది. ఒకడు కదిలాడు, ఇంకొకడు కదల్లేదు. కానీ కదలనివాడు నోరు విప్పకపోతే కదిలినవాడికి నిధి ఎక్కడిది?

నవలలో మరో పేజీ దగ్గరా చాలాసేపు ఆగాను. ఒక జ్ఞాని ఓ కుర్రాడి చేతికి చెంచా ఇచ్చి, రెండు చుక్కల నూనె పోసి, ఒలకకుండా తన భవనమంతా తిరిగి రమ్మంటాడు. మొదటిసారి నూనె నిలుస్తుంది కానీ భవనం కనబడదు. రెండోసారి భవనం కనబడుతుంది, నూనె ఒలికిపోతుంది. మనకు వెంటనే శుకమహర్షి గుర్తొస్తాడు. జనకుడు అంచుల దాకా పాలు నింపిన పాత్ర ఇచ్చి, ఆటపాటల మధ్య సభ చుట్టూ ఏడుసార్లు తిరగమంటే చుక్క ఒలకనివ్వని శుకుడు. ఆ కథలో పాలు నిలిస్తే చాలు. కొయెలో జ్ఞాని మాత్రం రెండూ కావాలంటాడు. లోకంలోని వింతలు చూడాలి, చేతిలోని చుక్కలు మరవకూడదు. పుస్తకమంతా చదివి భవనాన్ని మాత్రమే గుర్తుంచుకున్నవాళ్లు ఎక్కువైపోయారేమోనని నా అనుమానం.

తరువాతి సమావేశంలో నేను ఈ మాటలే కొంచెం తడబడుతూ చెప్పాను. గాజు సామాన్ల వ్యాపారి సంగతీ ఎత్తాను. జీవితమంతా మక్కా వెళ్లాలనుకుంటూ, వెళ్లొస్తే ఇక దేనికోసం బతకాలన్న భయంతో కొండ మీది కొట్లోనే ఉండిపోయిన ముసలాయన. నవల ఆయన్ని కాస్త జాలిగానే చూస్తుంది. శాంటియాగోకు ఆకలేసిన రోజు అన్నం పెట్టి, పనిచ్చింది ఆయనే అని గుర్తుచేశాను.

టీచరమ్మ వింటున్నారు. నేను ముగించాక మృదంగం కుర్రాడు తన కుర్చీని ఆవిడ దగ్గరకు జరుపుకున్నాడు.

“టీచరుగారూ, మీ మామగారు ఎన్నాళ్లున్నారండీ?”

“పదకొండేళ్లు నాయనా. చివర్లో మాట కూడా పోయింది. సాయంత్రాలు పక్కన కూర్చుని పాడేదాన్ని. కుడిచెయ్యి ఒక్కటే ఆడేది ఆయనకి. దుప్పటి మీద వేళ్లతో తాళం వేసేవారు.”

“ఏ తాళం?”

“ఆది తాళమే. ఒక్క దెబ్బ తప్పేవారు కాదు.”