చెట్టు నీడ, శ్లాబు నీడ

నీడన పెరిగే మొక్కకు తడి ఎక్కువ కావాలని మనలో చాలామంది నమ్మకం. నీడ, చల్లదనం, తేమ మన ఊహలో ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని ఉంటాయి. విశాఖ అంచునే ఉన్న కంబాలకొండ అడవిలోనో, సింహాచలం కొండ వాలులోనో ఎండాకాలంలో ఒక పెద్ద చెట్టు మొదట్లో నేల తాకి చూస్తే ఈ నమ్మకం నిలవదు. అక్కడ ఎండ పడదు, అయినా మట్టి పొడిపొడిగా ఉంటుంది. చిన్న జల్లు కురిస్తే అందులో కొంత పైన ఆకుల మీదే నిలిచి ఆవిరైపోతుంది. కిందికి జారిన కాసిని నీళ్లనూ చెట్టు వేళ్లు తాగేస్తాయి. అంటే అడవిలో నీడ ఇచ్చేదే నీళ్లు కూడా పట్టుకుపోతుంది. నీడన బతికే, లిల్లీలని పిలిచే గడ్డలకు నీళ్లు ఎలా పోయాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని నా నమ్మకం. పోసేవాళ్లు వాన చేసే పని చేస్తే సరిపోదు, పక్కన లేని చెట్టు చేసే పని కూడా చేయాలి.

మన పెరళ్లలో అందరికీ తెలిసిన మే పువ్వునే తీసుకుందాం. కొందరు ఫుట్‌బాల్ లిల్లీ అంటారు, శాస్త్రంలో పేరు స్కాడోక్సస్ మల్టీఫ్లోరస్. దీని పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడి అడవి నీడల్లో, వానాకాలం ఎండాకాలం కచ్చితంగా వేరుపడిన నేలల్లో పెరిగింది గనుక మన ఋతుపవనాలు దీనికి కొత్త కాలేదు. రోహిణి కార్తె ఎండల వేళకి నేలలోంచి ఒక్క కాడ లేచి, వంద, ఒక్కోసారి రెండు వందల దాకా చిన్న ఎర్రపూలు గుండ్రంగా విచ్చుకుంటాయి. ఆకులు పూవుతో పాటో, ఆ తర్వాతో వస్తాయి. మృగశిర దాటి వానలు నిలదొక్కుకున్నాక ఆ ఆకులే వచ్చే ఏటి పూవుకి కావలసిన ఆహారాన్ని వండి గడ్డలో దాస్తాయి. ఈ మొక్క మనసారా తాగేది అప్పుడే. మట్టి పైపొర ఆరగానే మళ్లీ నిండుగా నీళ్లు పోయాలి. రేవు దగ్గరి పాతనగరంలాంటి చోట్ల బొగ్గు దుమ్ము ఆకులకు పట్టేస్తుంది కనుక, వాన లేని రోజుల్లో ఆకులు కడగడం కూడా అవసరమే. నీడలో ఉన్న ఆకుకి దొరికే వెలుతురే తక్కువ, దానికి దుమ్ము తెర కూడా అడ్డం వస్తే ఇక వండేది ఏముంటుంది?

చిక్కు వచ్చేది చిత్త, స్వాతి కార్తెల్లో. ఆకులు పసుపు తిరిగి గడ్డ నిద్రకు సిద్ధపడేది ఇంచుమించు ఆ రోజుల్లోనే. సరిగ్గా అప్పుడే విశాఖలో కుండపోతలు. ఈ తీరానికి అక్టోబరు బాగా వాన పడే నెల, తుఫాన్ల నెల కూడా. ఆకు ఉన్నంతకాలం నీరు వేళ్లలోంచి ఎక్కి ఆకుల్లోంచి గాలిలో కలుస్తూ ఉంటుంది. ఆకు వాడిపోయాక ఆ దారి మూసుకుపోతుంది. ఇక మట్టిలో నిలిచిన నీరు త్వరగా తగ్గదు, మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోటంతా అదే ఆక్రమిస్తుంది, ఊపిరాడని వేళ్లను బూజు పట్టుకుంటుంది. కొండ వాలు మీద ఈ ఆపద తక్కువ. నీరు పల్లానికి పోతుంది, మిగిలింది చెట్టు తాగుతుంది. గాజువాకలోనో మధురవాడలోనో అపార్ట్‌మెంటు బాల్కనీలో ఉన్న కుండీకి ఆ రెండు దారులూ లేవు. దాని మీద పడే నీడ పై అంతస్తు శ్లాబుది. శ్లాబు ఎండను ఆపుతుంది గాని ఒక్క చుక్క తాగదు. పైగా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, కుండీ ఆరడానికి రోజులు పడుతుంది. అందుకే అక్టోబరు నుంచి కుండీని జల్లు తగలని చోటికి జరిపి, డిసెంబరు నుంచి మొలక ముక్కు కనపడేదాకా నీళ్లు దాదాపు మానేయడమే దానికి చేసే సేవ. చెట్టు ఉంటే అది చేసి ఉండే పని ఇదే.

ప్రాణమున్నదాన్ని నెలల తరబడి ఎండగట్టడం నిర్దయ కాదా అని అడిగేవాళ్లుంటారు. ఈ ప్రశ్న వెనక ఉన్న మనసు మంచిది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. కానీ పాడేరు ఏజెన్సీ గిరిజన రైతుల పసుపు చూడండి. అక్కడ పసుపును రెండేళ్లు నేలలోనే ఉంచే సంప్రదాయం ఉంది. మొదటి ఏడు ఆకు ఎండిపోయాక దుంప ఆ వాలు నేలలోనే శీతాకాలం, ఎండాకాలం గడిపి, వానలకు మళ్లీ చిగురిస్తుంది. మధ్యలో దానికి ఎవరూ నీరు పెట్టరు. దుంప అంటేనే కరువును ముందే లెక్కవేసుకుని కట్టుకున్న ఒళ్లు. ఆ కరువు రానివ్వకుండా చేస్తే దానికి ఒరిగేదేమీ లేదు. ఇంకొకరు, మేం ఏడాది పొడుగునా పోస్తున్నాం, మా మొక్క నిక్షేపంగా ఉందంటారు. ఉండొచ్చు. ఇసుక పాలు ఎక్కువైన మట్టి, అడుగున పెద్ద రంధ్రం ఉంటే చెట్టు చేసే పనిలో సగం అవే చేసేస్తాయి. అమెజాన్ లిల్లీ లాగా ఏడాదంతా ఆకు ఉంచుకునే నీడమొక్కలూ ఉన్నాయి, వాటిని ఇలా ఎండగడితే చస్తాయి. కనుక చూడవలసింది ఆకు ఉందా లేదా అన్నది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన అభ్యంతరం వేరే ఉంది. చెట్టు తన దాహం కోసం తాగుతుంది, అది పోటీ, దాన్ని పోషణ అనడం మన కల్పన కదా అని. చెట్టుకి లిల్లీ మీద దయ ఉందని నేను అనను. అయితే ఒకరి మేలుకి మరొకరి ఉద్దేశం అవసరం లేదు. వేల తరాలు పొడి నీడలో గడిపిన మొక్క ఆ లోటునే తన కాలపట్టికగా చేసుకుంది. ఇచ్చే చేతిని మనం గుర్తుపెట్టుకుంటాం. తీసుకుపోయేదాని వల్ల కూడా ఒక జీవితం నిలబడుతోందని గమనించం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరం మీదుగా తీరం దాటినప్పుడు లెక్కలేనన్ని చెట్లు కూలిపోయాయి. పోయిన నీడ గురించి ఊరంతా బాధపడింది, అది న్యాయమే. వాటితోపాటు నేలలోంచి నీరు తోడే వేళ్లు కూడా పోయాయి. అలాంటి చోట గడ్డకి పైన ఎండ ఎక్కువైంది, కింద తడి కూడా ఎక్కువైంది. పాత అలవాటు ప్రకారమే నీళ్లు పోస్తే సరిపోని నేల అది.

ఈ వాదానికి రెండో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే నా మాట తక్కువ పోయడానికి సాకుగా మిగులుతుంది. శ్రావణంలో పది రోజులు వాన ముఖం చాటేస్తే, మామిడిచెట్టు కింద నేలలో నాటిన మే పువ్వు బాల్కనీలో ఉన్నదానికంటే ముందే వాడిపోతుంది. అక్కడ పోసే నీటిలో చెట్టు వాటా కూడా ఉంటుంది. చెంబుడుతో సరిపెట్టకుండా, ఆ వాటా కూడా కలుపుకుని బిందెడు పోయాలి.