పాఱవేయుటయా, బాగుచేయుటయా?

చెడిన వస్తువును బాగుచేసికొనుట మితవ్యయమనియు, పాఱవేసి క్రొత్తది కొనుట దుర్వ్యయమనియు మేము చిరకాలము తరగతిలో బోధించుచు వచ్చితిమి. మా బాల్యమున ఏటేట మా వీధికి కళాయి వేయువాడు వచ్చెడివాడు. మసిబాఱిన ఇత్తడి గిన్నెలకు ఆతడు మఱల వెలుగు తెచ్చుచుండగా చూచి పెరిగినవార మగుటచే ఈ బోధ మాకు సహజమయ్యెను. అయితే ఇటీవల ఒక పొయ్యి మా బోధనే పరీక్షకు పెట్టినది.

మా పూర్వశిష్యు డొకడు అమెరికాలో ఉద్యోగము చేయుచు, తీరిక దినములలో ఇంటనే బీరు తయారుచేసికొనును. స్వంతమునకై పెద్దలు దీనిని పరిమితముగా చేసికొనుటకు ఆ దేశపు కేంద్రప్రభుత్వము 1978లో చేసిన చట్టము వీలు కల్పించినది. మద్యపానమును మేము మెచ్చము. ఆ సంగతి అతనికిని తెలియును. కాని అతడు మమ్మడిగిన ప్రశ్న పానమును గూర్చినది కాదు, పొయ్యిని గూర్చినది.

మొలకెత్తించి ఎండించిన బార్లీ గింజలను వేడినీట నానబెట్టి, వడగట్టిన తీయని రసమును హాప్స్ పువ్వులతో సుమారొక గంట మరగించి, చల్లార్చిన పిమ్మట ఈస్టు చేర్చి పులియబెట్టుదురు. 25 లీటర్ల రసము ఒక్కసారిగా పొయ్యి నెక్కును. అచ్చటి గృహములలో సాధారణ విద్యుత్తు 120 వోల్టులదగుటచే, దానిపై నడచు ఇండక్షన్ పొయ్యి సామాన్యముగా 1800 వాట్లకు మించదు. 65 డిగ్రీల రసము మరుగుటకే ఇంచుమించు ముప్పావు గంట పట్టును. ఇడ్లీలు దింపి ఆపివేయు మన వంటింటి పని వేఱు, గంటల తరబడి పూర్ణశక్తితో నడచు ఈ పని వేఱు.

ఈ పొయ్యిలో మంట లేదు. అద్దపు పలకక్రింద రాగితీగచుట్ట యుండును. ఐ.జి.బి.టి. యను మీటవంటి భాగము ఆ చుట్టలోని విద్యుత్తును సెకనుకు 20,000 మార్లకు పైగా మార్చుచుండగా, పుట్టిన అయస్కాంతక్షేత్రమువలన పాత్ర అడుగే వేడెక్కును. ఆ మీటయు కొంత వేడెక్కును గనుక దానిని చల్లబఱచుటకు చిన్న పంకా యొకటి అమర్చియుందురు.

ఒకనాడు రసము మరుగుచుండగా పొయ్యి ఆగిపోయినది. క్రొత్తది కొందునా యని అతడు మాకు వ్రాసెను. ఎలుకలున్నవని ఇంటికి నిప్పుపెట్టుకొందురా యని మేము గట్టిగా ప్రత్యుత్తర మిచ్చితిమి. అతడు పొయ్యిని విప్పించి, కాలిపోయిన ఫ్యూజును, మీటను మార్పించెను. మేము సంతసించితిమి. రెండు మార్లు చక్కగా నడచి, మూడవ మారు అది టప్పున ప్రేలినది.

అప్పుడు గాని అసలు కారణము బయటపడలేదు. పాత్రనుండి పొంగి జాఱిన తీయని రసము లోనికి దిగి, పంకా ఇరుసుకు బంకవలె పట్టినది. పంకా తిరుగలేదు, మీట మాడినది. మొదట మార్చినది రోగలక్షణమును గాని రోగమును గాదు. మా మాట విడిచి అతడు క్రొత్త పొయ్యియే కొనియున్నను, అదే పొంగు దానిని గూడ చెఱచియుండెడిది. కారణ మెఱుగని మరమ్మతు, కారణ మెఱుగని కొనుగోలు, రెండును ఒకే అజ్ఞానమునకు రెండు పేర్లు.

ఇంతటితో కథ ముగిసినచో మా బోధయే నెగ్గినదని తలచియుందుము. పంకాను, మీటను మార్పించి అతడు మఱల పని మొదలిడిన కొలది దినములకు అతని భార్య మాతో టెలిఫోనులో మాటలాడినది. "మాస్టారూ, పొయ్యి అద్దం బీటవారింది. తీసెయ్యండి అంటే, పారవెయ్యటం తప్పని మాస్టారు చెప్పారంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పిల్ల తిరుగుతూ ఉంటుంది. మీరే చెప్పండి."

మేము సిగ్గుపడితిమి. 25 కిలోలకు పైబడిన మరుగురసమును బీటవాఱిన అద్దము మోయుచున్నది. అది విరిగినచో రసము మనుష్యుల కాళ్లమీదను, విద్యుత్తు ప్రవహించు భాగములమీదను పడును. ఆ ప్రమాదము మాది కాదు. నీతి చెప్పిన గౌరవము మాత్రము మాది. ఇతరుల దేహములను పణముగా నొడ్డి పాటించు మితవ్యయము ధర్మ మెట్లగును? తక్షణమే ఆ పొయ్యిని మానుమనియు, ప్లగ్గు ఊడదీసినను కెపాసిటరులో విద్యుత్తు కొంత నిలిచియుండవచ్చును గనుక లోపల చేయి పెట్టవలదనియు అతనికి చెప్పితిమి. అద్దము మాత్రము మార్పించుకొందమని అతడు విచారింపగా, దానిని విడిగా అమ్మబోమని తయారీదారు బదులిచ్చెనట.

కావున నేరమంతయు గృహస్థునిపై మోపుట న్యాయము కాదు. 2022లో లోకమున పోగుపడిన విద్యుత్పరికరముల వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. అందులో సక్రమముగా సేకరింపబడినట్లు దాఖలా యున్నది నాల్గవ వంతుకంటె తక్కువ. మరమ్మతు హక్కును గూర్చి మన కేంద్రప్రభుత్వము 2022లో ఒక సంఘమును నియమించినది. ఐరోపా సమాఖ్య 2024లో శాసనమే చేసినది. విప్పుటకు వీలుగా వస్తువును నిర్మించుటయు, భాగములను విడిగా అమ్ముటయు తయారీదారు ధర్మము. ఆ ధర్మము లోపించినచోట మితవ్యయము బోధించుట, త్రాడు లేనివానికి నూతినీరు చూపుటయే.

ఇకమీదట మేము విద్యార్థులకు ఇట్లు చెప్పుదుము: ఏల చెడినదని ముందు విచారింపుడు. బాగైన పిమ్మట దానివలన ఎవరికి అపాయమని తరువాత విచారింపుడు. ధర యెంత యనునది మూడవ ప్రశ్న.

మా శిష్యుడు క్రొత్త పొయ్యి కొనెను. పాతదానిని విద్యుద్వ్యర్థములు స్వీకరించు కేంద్రమున ఒప్పగించెను. ఇప్పుడు పాత్రను నిండుగా పోయక, మరుగునంతసేపు ప్రక్కనే నిలుచునట. ఆ వార్త విన్న నాడు మేమును మా వంటింటి ఇండక్షన్ పొయ్యిని తిరగవేసి చూచితిమి. పంకా రంధ్రములలో దుమ్మును, రెండు బొద్దింకలును ఉన్నవి. ఇన్నేండ్లు మితవ్యయము బోధించిన మేము దాని నెన్నడును తుడిచి యెఱుగము.