పొయ్యి పాపం

మనుస్మృతి గృహస్థుకు అయిదు హింసాస్థానాలు చెప్పింది: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. తెలియక చేసిన హింసకూ లెక్క ఉంటుందని, పంచ మహాయజ్ఞాలతో తీర్చుకోవాలని దాని మాట. అమలాపురంలో మా పెరటి పొయ్యి ముందు కూర్చుంటే నాకు అదే గుర్తొస్తుంది. సరిగా ఆరని కొబ్బరి మట్ట రాజుకోక పొగ కక్కుతుంది. కాగు అడుగున వేలు పెడితే మసి జిడ్డుగా అంటుకుంటుంది.

అలాంటి మసే హిమాలయాల మీద పడుతోంది. మన ఊరిదే అనను. గంగా మైదానపు పొయ్యిలు, ఇటుక బట్టీలు, డీజిల్ బళ్లు, తగలబెట్టిన పొలాలది పెద్ద వాటా. కొత్త మంచు తన మీద పడ్డ ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది. మసి పడితే ఆ వేడిని తాగి కరుగుతుంది. కరిగేకొద్దీ లోపలి మసి పైకి తేలి ఇంకా నల్లబడుతుంది. గంగలో కలిసిన ఆ నీరు చివరికి చేరేది అంతర్వేది దగ్గర మన వశిష్ఠ గోదావరి కలిసే సముద్రంలోకే.

వండుకునే తల్లిది పాపమా? కాదంటాను. ఆ పొగ ముందు తినేది ఆమె ఊపిరితిత్తుల్నే. తెలిశాక కూడా ఆమెకు పొగరాని పొయ్యి అందించని మనది మాత్రం హింసే. మసి గాలిలో ఉండేది కొద్ది రోజులు, మహా అయితే వారాలు; ఆపితే త్వరగానే తగ్గుతుంది. కాకికి ముద్ద పెట్టే భూతయజ్ఞంలోనే ఆ పొయ్యి ఖర్చూ కలపాలి.