దారిలో మిగిలిన బాకీ

ఇంటిపట్టున ఉన్నప్పుడు ధర్మమును పాటించుట కొంత సులభము. వేళకు సామాయికము జరుగును. నీరు వడగట్టి కాచుదురు. సూర్యాస్తమయమునకు ముందే భోజనములు ముగియును. చుట్టుప్రక్కల అందరును ఎరిగినవారే కావున నోరు జారుటకు కూడ మనిషి వెనుకాడును. ఊరు దాటి రైలెక్కిన తోడనే ఆ కట్టు సడలును. అక్కడ అతనిని ఎరిగినవారు లేరు. అతని మాటను పెద్దల చెవిని వేయువారును లేరు. ఎదురగు వారందరును మరల కనబడని మనుష్యులు: మూటలు మోయు కూలివాడు, బండి తోలువాడు, ధర్మశాలలో గది ఊడ్చు మనిషి, ప్రక్క సీటులోని ముసలమ్మ. వీరితో నడుచుకొను తీరులోనే శ్రావకుని వ్రతము ఎంత గట్టిదో తెలియును.

వ్యాపార కుటుంబములకు ప్రయాణము క్రొత్త కాదు. సరకు కొనుటకు, బాకీలు వసూలు చేయుటకు, పెండ్లి సంబంధము చూచుటకు, తీర్థయాత్రకు ఏడాదికి ఎన్నిమారులో పెట్టె సర్దవలసియే ఉండును. అందుచేతనే జైన శాస్త్రము ప్రయాణమును వ్రతమునకు వెలుపల విడిచిపెట్టలేదు. గృహస్థునకు విధించిన 12 వ్రతములలో దిగ్వ్రతము ఒకటి. ఏ దిక్కున ఎంత దూరము పోవచ్చునో ముందుగానే హద్దు పెట్టుకొనుట దాని స్వరూపము. ఉపాసకదశాంగ సూత్రములో ఆనందుడను శ్రావకుని కథ కలదు. అతడు వాణిజ్యగ్రామమునందు కోట్లకు పడగెత్తినవాడు. భగవాన్ మహావీరుని ఎదుట వ్రతములు గైకొన్నప్పుడు దూరప్రయాణములకు 500 బండ్లు, ఇంటి సరకు తోలుటకు 500 బండ్లు, అంతకు మించి వలదని పరిమితి చేసుకొనెను. వేయి బండ్లు తక్కువా అని నేటి వ్యాపారి నవ్వవచ్చును. లెక్క పెద్దదే, కాని లోభమునకు ఇంతవరకే అను గీత ఒకటి పడినది. గీత పడిన తరువాత మనిషి దానికి లోబడి నడువవలెను.

బండ్ల లెక్కతో సంగతి తీరదు. ప్రతి బండికిని ఎద్దులుండును, తోలు మనిషి ఉండును. వారి సంగతి అహింసాణువ్రతమునందు వచ్చును. ఆ వ్రతమునకు కలుగు అతిచారములు అయిదని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాన నిరోధము. అనగా కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మోయలేనంత బరువు ఎత్తుట, వేళకు తిండియు నీరును అందకుండ చేయుట. మొదటి మూడింటిని తలచుకొన్నంతనే జైన గృహస్థుడు చెవులు మూసికొనును. చీమ కాలి క్రింద పడునేమోయని చూచి నడుచువానికి కొట్టుట, కోయుట ఎక్కడివి? చివరి రెండును అట్లు కావు. అవి నవ్వుచు మాటాడుచుండగానే జరిగిపోవును. చేసినవానికి తాను చేసినట్లు తెలియదు.

స్టేషనులో రెండు పెట్టెలకు కూలి కుదుర్చుకొందురు. కూలివాడు వానిని నెత్తికెత్తుకొన్న పిమ్మట మూడవ మూట బయటకు వచ్చును. "ఇదేమంత బరువు, చేత పట్టుకో" అందురు. అతడు మారు మాటాడడు. బండి కదులు వేళ ఆయెను, బేరమునకు సమయము లేదు. ఇక్కడ అతిభారారోపణము ఒక్కటే జరిగినదనుకొనరాదు. తక్కువ తూచి ఇచ్చుట, ఎక్కువ తూచి పుచ్చుకొనుట అచౌర్యాణువ్రతమునకు అతిచారమని కూడ శాస్త్రము చెప్పినది. అంగడిలో త్రాసు ముల్లు ఇటు అటు కాకుండ చూచుకొను షాహుకారు, రెండు పెట్టెల డబ్బిచ్చి మూడు మూటల పని పుచ్చుకొనినప్పుడు తూకము తప్పలేదా? కూలివాని విషయములో త్రాసు అతని నెత్తియే.

అన్నపాన నిరోధము ఇంతకంటెను సులభముగా దాపురించును. ఒక కుటుంబము అద్దెకారు మాటాడుకొని శ్రవణబెళగొళమునకు తెల్లవారకముందే బయలుదేరినదని భావింపవచ్చును. ఆనాడు అష్టమి. పెద్దలందరును ఉపవాసము. పిల్లలకు డబ్బాలో ఖాఖ్రాలున్నవి. ఎవరికిని ఆకలి లేదు కావున ఎక్కడను కారు ఆపలేదు. మధ్యాహ్నము రెండు దాటిన తరువాత, వెనుక కూర్చున్న నాయనమ్మ డ్రైవరును పిలిచి, "నాయనా, ప్రొద్దుటినుండి ఏమైన తిన్నావా?" అని అడిగెను.

"మీరు ఆపమంటే తింటానమ్మగారూ" అని అతడు మెల్లగా అనెను.

కొడుకు తొందరపడి, "అమ్మా, మనమందరము ఉపవాసమే కదా! ఇంకొక గంటలో చేరుదుము" అనెను.

"ఉపవాసము మనము పట్టితిమి, అతడు పట్టలేదు. ముందు కారు ఆపించు" అని ఆమె అనెను.

ఆ కారులో ఆ దినమున ఎందరు ఉపవాసమున్నారో, ఎవరు వ్రతమును నిలిపినారో చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. తాను ఇష్టపడి చేసినది తపస్సు. అదే ఆకలిని అడుగకుండ ఇంకొకనిపై పెట్టినచో దానికి శాస్త్రము పెట్టిన పేరు అతిచారము.

శ్రవణబెళగొళపు కొండమీదను ఈ పాఠమే కనబడును. చావుండరాయడు 981 ప్రాంతమున నిలిపిన 57 అడుగుల గొమ్మటేశ్వరుని చూచుటకు 600కు పైగా మెట్లను చెప్పులు లేకుండ ఎక్కవలెను. ఎక్కలేని వృద్ధులను డోలీలో మోసికొనిపోవుదురు. మోయువారి భుజములపై కూర్చుండి దర్శనమునకు పోవువారు, మోసినవారితో పది రూపాయల కొరకు గొంతెత్తుట అక్కడ అరుదైన దృశ్యము కాదు. చిత్రమేమనగా, ఆ కొండపైననే గొమ్మటస్వామికి ఎదురుగా ఒక పేదముసలిదాని విగ్రహమున్నది. ఆమె గుళ్లకాయజ్జి. చావుండరాయడు కుండలకొలది పాలు పోయించినను అభిషేకము స్వామి పాదములను చేరలేదనియు, ఈ ముసలిది చిన్న కాయ డిప్పలో తెచ్చిన పాలు విగ్రహమంతయు తడిపి కొండ దిగి పారినవనియు ఐతిహ్యము. ఆమెను మొదట లెక్కచేసినవారు లేరు. పన్నెండేండ్లకొకమారు జరుగు మహామస్తకాభిషేకమునకు, కడపటిది 2018లో జరిగినప్పుడు వలెనే, లక్షలమంది వచ్చుచుందురు. వచ్చినవారందరును ఆ ముసలిదాని ముందునుండియే పోవుదురు. డోలీ మోసినవానిలో ఆమెను గుర్తించినవారు ఎందరు?

"కూలి ఇచ్చితిమి కదా, ఇంకేమి కావలెను?" అని కొందరు ప్రశ్నింతురు. వ్యాపారికి ఈ ప్రశ్నకు సమాధానము తెలియకపోదు. కూలి అతని శ్రమకు చెల్లినది. "ఓరేయ్" అన్న పిలుపునకు, అందరి ఎదుట కసరిన కసరునకు చిట్టాలో ఏ పద్దున జమ కట్టవలెను? డబ్బు చెల్లించినంత మాత్రమున ఆ పద్దు మూయబడదు. జీవులు ఒకదానికొకటి తోడ్పడుటకే ఉన్నవని జైన ధర్మము చెప్పును. బరువు మోసినవాడు ఆ తోడ్పాటు చేసినవాడే. డబ్బు తీసికొనినంతనే తోడ్పాటు కాకపోదు.

చేసిన తప్పునకు క్షమాపణ ఉన్నదని మరికొందరందురు. నిజమే. ప్రతి ఏటను పర్యూషణము ముగియునప్పుడు, బంధువులకును వ్యాపార స్నేహితులకును "మిచ్ఛామి దుక్కడం" అని చెప్పుకొనుట ఆచారము. పూర్వము జాబులు వ్రాసెడివారు. నేడు ఫోనులో ఒక్క వేలి కదలికతో వందలమందికి పోవుచున్నది. అయితే ఆ జాబితాలో ఉండువారెవరు? చిరునామా ఉన్నవారు, మరల పని పడువారు. అంగడిలో మూటలు దించు హమాలీ పేరు అందులో ఉండుట అరుదు. దారిలో కసరబడినవాని పేరైతే ఎవరికిని తెలియనే తెలియదు.

ఆనంద శ్రావకుని కథ చివర ఇందుకు దారి చూపుచున్నది. ఆనందుడు అంత్యదశలో అనశనవ్రతమునందుండగా అతనికి అవధిజ్ఞానము కలిగెను. భిక్షకై ఆ వైపు వచ్చిన గౌతమస్వామికి అతడు ఆ సంగతిని విన్నవించెను. గృహస్థునకు అంత విశాలమైన జ్ఞానము కలుగదనియు, అట్లు పలికినందులకు ప్రాయశ్చిత్తము చేసుకొనుమనియు గౌతమస్వామి పలికెను. సత్యము పలికినవానికి ప్రాయశ్చిత్తమా అని ఆనందుడు వినయముగా అడిగెను. సందేహముతో గౌతమస్వామి మహావీరునివద్దకు పోగా, ఆనందుడు చెప్పినదే నిజమనియు, పోయి అతనిని క్షమింపుమని వేడుకొనుమనియు భగవానుడు ఆజ్ఞాపించెను. గణధరులలో మొదటివాడు, వేలకొలది సాధువులకు పెద్ద, ఒక గృహస్థుని ఇంటి దిక్కునకు తిరిగి నడిచి క్షమాపణ వేడెను. పర్వదినము వచ్చువరకు ఆగలేదు. తన పదవిని అడ్డము పెట్టుకొనలేదు.

గౌతమస్వామి తిరిగి పోయినప్పుడు ఆనందుడు అక్కడనే ఉన్నాడు. రైల్వే ప్లాటుఫారముమీద మాట పడినవాడు అట్లుండడు. బండి కదలును, అతడు జనములో కలసిపోవును. ఆ బాకీని తీర్చుటకు ఏ సంవత్సరికిని వీలు కలుగదు. తీసికొనువాడు దొరకడు కావున అది అట్లే మిగిలిపోవును. కావున దారిలో చేసిన తప్పును దారిలోనే దిద్దుకొనవలెను. "అన్నా, తొందరలో ఒక మాట అన్నాను, మనసులో పెట్టుకోకు" అనుటకు క్షణకాలము చాలును. రైలు కూతవేసిన తరువాత ఆ క్షణమును ఏ ధనముతోను కొనలేరు.

ఇక మీదట ప్రయాణమునకు పెట్టె సర్దుకొనునప్పుడు వడగట్టు గుడ్డతోపాటు నాలుగు నియమములను కూడ కట్టుకొనవలెను. కుదుర్చుకొన్న బరువునకు మించి ఎత్తింపరాదు. తమ ఉపవాసమెట్లున్నను, బండి తోలువాని భోజనవేళను తామే గుర్తుపెట్టుకొనవలెను. పెట్టెలకు సీటిచ్చి మనుష్యులను నిలువబెట్టరాదు. దిగకముందే, పనిచేసిన మనిషిని పేరడిగి, ఆ పేరుతో ఒకసారి పిలిచి, తప్పు జరిగియున్నచో అక్కడనే క్షమాపణ చెప్పి దిగవలెను. పిల్లలు కళ్లప్పగించి చూచుచుందురు. పాఠశాలలో పది పుస్తకములు నేర్పలేని అహింసను, వారు ఆ ఒక్క మాటవలన నేర్చుకొందురు.

జై జినేంద్ర.