నోటి దగ్గర గులాబీ

మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చాక మాట పడిపోలేదు, దారి తప్పింది. మంచంలో ఉన్నట్టుండి "గేదెను విప్పండర్రా" అనేది. ఇంట్లో గేదె లేక ముప్పై ఏళ్లు. మేం "అలాగే పెద్దమ్మా" అని పక్కకెళ్లిపోయేవాళ్లం. ఆమె కళ్లు మా వెనకే వచ్చేవి.

సుసానా క్లార్క్ నవల 'జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నారెల్' చదువుతుంటే ఆ చూపు మళ్లీ గుర్తొచ్చింది. ఆవిడ సుమారు పదేళ్లు రాస్తే 2004లో వచ్చిన పుస్తకమిది. కథ 1806లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో మొదలవుతుంది. అటు నెపోలియన్‌తో యుద్ధం, ఇటు ఎప్పుడో అడుగంటిన మంత్రవిద్యను మళ్లీ నిలబెట్టాలని ఇద్దరు మాంత్రికుల తాపత్రయం. ఇందులోని ఫెయిరీలు పిల్లల బొమ్మల పుస్తకాల్లో రెక్కలతో ఎగిరే బుజ్జి దేవకన్యలు కారు. వెనకటి రోజుల్లో పల్లెజనం పేరెత్తడానికి కూడా జంకిన అసలు ఫెయిరీలు. దిబ్బల కింద కాపురముండి, నచ్చిన మనిషిని ఎత్తుకుపోయి తెల్లవార్లూ ఆడించేవాళ్లు.

పెళ్లి కుదిరిన ఒక అమ్మాయి చనిపోతుంది. ఆమెను బతికించడానికి నారెల్ ఒక ఫెయిరీని పిలుస్తాడు. ఆమె ఆయుష్షులో సగం తనకిమ్మంటాడతను. సగమంటే చివరి సగమే అనుకుని నారెల్ ఒప్పుకుంటాడు. ఫెయిరీ పట్టుకుపోయింది రాత్రుల్ని. పెళ్లయి లేడీ పోల్ అయిన ఆ పిల్ల, రోజూ రాత్రి అతని పాడుబడ్డ మహల్లో అలిసిపోయినా ఆడుతూనే ఉండాలి. పగలు ఆ బాధ చెప్పుకోబోతే నోటివెంట పొంతన లేని పాత కథలేవో వస్తాయి. భర్త చెడ్డవాడు కాదు. తీరికలేని మంత్రి. పిచ్చెక్కిందనుకుంటాడు.

అక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

దాదాపు 800 పేజీలు. పేజీల అడుగున 200 దాకా ఫుట్‌నోట్లు, కొన్నయితే ఒక్కోటీ ఒక జానపద కథంత. వాటిని దాటేయకండి. నేను రోజూ రాత్రి భోజనమయ్యాక పది పేజీల చొప్పున చదివాను, మూడు నెలలు పట్టింది. ఇది ఆ నడకకే లొంగే పుస్తకం.

సెగండస్ అనే పేద పండితుడికి లేడీ పోల్ నోటి దగ్గర ఒక గులాబీ కనిపిస్తుంది. ఆమె నోరు కట్టేసిన మంత్రానికి అది గుర్తు. ఆయనకు పెద్ద విద్యలేం రావు. ఆమె ముఖంలోకి నిదానంగా చూస్తాడంతే.

పెద్దమ్మను అలా చూసింది మా పిన్ని. ఊర్నుంచి వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, గేదె మాట రెండుసార్లు విని, లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి నోటికందించింది. పెద్దమ్మ గ్లాసు మొత్తం తాగేసింది. చిన్నప్పుడు వాళ్లింట్లో గేదెను విప్పితే తిన్నగా చెరువుకే తోలుకెళ్లేవాళ్లట.