కృతిభర్తలు ఎందరు? సామూహిక నిధితో వెబ్ సిరీస్ నిర్మాణం: ఒక నైతిక పరిశీలన

తెలుగు సాహిత్యచరిత్రలో కళాపోషణను గురించిన చర్చ చాలావరకు రాజాస్థానాల చుట్టూ, ఆ తరువాత జమీందారుల చుట్టూ సాగింది. అచ్చుయంత్రంతో చందాదారుడు, సినిమాతో టిక్కెట్టు కొనే ప్రేక్షకుడు ఈ చర్చలోకి వచ్చారు. ఇటీవలి కాలంలో మరొకరు చేరారు. ఇంకా రూపొందని కృతికోసం, తాను ఎన్నడూ చూడని కర్తకు, అంతర్జాలం ద్వారా చిన్న మొత్తం పంపే అపరిచిత దాత అతడు. క్రౌడ్‌ఫండింగ్ అని వ్యవహరిస్తున్న ఈ సామూహిక నిధి సేకరణతో సినిమాలే కాక, వీడియో గేముల ప్రేరణతో స్వతంత్ర వెబ్ సిరీస్‌లు కూడా వెలువడ్డాయి. అటువంటి దాతకు కర్త ఏమి బాకీపడతాడు? కృతిపై దాతకు ఏ మేరకు హక్కు ఉంటుంది? ఈ ప్రశ్నలను తెలుగు సంప్రదాయంలో ఇప్పటికే ఉన్న పరిభాష ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చర్చ నిరాధారంగా సాగకుండా ఒక ఊహాత్మక సందర్భాన్ని తీసుకుందాం. విజయనగరం జిల్లా కొత్తవలసలో కొందరు యువతీయువకులు ఒక వెబ్ సిరీస్ తీయదలచారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన కిరండూల్ రైలుమార్గం ఈ ఊరి నుంచే మొదలవుతుంది. శృంగవరపుకోట, బొర్రా గుహలు, అరకు మీదుగా కొండలెక్కే ఆ మార్గాన్ని వారు ఒక గేముగా ఊహించారు. ఒక్కొక్క స్టేషను ఒక్కొక్క దశ. ఒక దశ దాటితేగాని తరువాతి దశ తెరుచుకోదు. పాత్రలన్నీ ఉత్తరాంధ్ర మాండలికంలోనే మాట్లాడతాయి. తెలుగు తెరపై ఈ మాండలికానికి దక్కిన చోటు ఎక్కువగా హాస్యపాత్రల్లోనే కాబట్టి, వ్యాపార నిర్మాత ముందుకు రాడని వారి అంచనా. అందుకే ఒక్కొక్కరి నుంచి రెండు వందల రూపాయలు అడుగుతున్నారు. ఇవ్వడానికి ముందుకొచ్చినవారిలో ఊరివాళ్లూ ఉన్నారు, విదేశాల్లో స్థిరపడినవాళ్లూ ఉన్నారు. ఇకపై చర్చించే ప్రతి సూత్రాన్నీ ఈ సందర్భానికి అన్వయించి చూద్దాం.

1. ఆట: రెండు అర్థాలు

‘ఆట’ అనే తెలుగు మాట క్రీడకూ ప్రదర్శనకూ సమానంగా వర్తిస్తుంది. పిల్లలు ఆడేదీ ఆటే, తోలుబొమ్మలతో ఆడించేదీ ఆటే. సినిమాహాలులో ఉన్నవి కూడా మొదటి ఆట, రెండో ఆట. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న దూరాన్ని వీడియో గేము తగ్గించింది. అందులో కథ ఆటగాడి చర్య కోసం ఎదురుచూస్తుంది. అతడు కదలకపోతే కథా కదలదు. అదే గేము వెబ్ సిరీస్‌గా మారినప్పుడు ఆటగాడు మళ్లీ ప్రేక్షకుడవుతాడు, నిర్ణయాధికారం పోతుంది. తమిళ, తెలుగు భాషల్లో 2019లో వచ్చిన ‘గేమ్ ఓవర్’ చిత్రంలో కథానాయిక గేములు రూపొందించే వృత్తిలో ఉంటుంది. పతాకఘట్టంలో ఆమెకు గేములోని ప్రాణాల వలె మళ్లీ మళ్లీ అవకాశాలు దక్కుతాయి. ఆ అవకాశాలన్నీ ఆమెవే. ప్రేక్షకుడు వాటిని చూడగలడు, వాడుకోలేడు.

సామూహిక నిధి సేకరణ ఈ పోయిన అధికారాన్ని మరోచోట తిరిగి ఇస్తున్నట్టు కనిపిస్తుంది. కృతి ఉనికిలోకి రావాలా వద్దా అన్నది దాతల చేతిలో ఉంటుంది. గేములు ఆడే సమాజం ఈ పద్ధతిని త్వరగా స్వీకరించడానికి ఇది ఒక కారణం కావచ్చు. అయితే ఉనికిని నిర్ణయించే అధికారం స్వరూపాన్ని నిర్ణయించే అధికారం కూడా అవుతుందా అన్నదే చిక్కు.

2. కృతిభర్త అనే భావన

ప్రాచీన తెలుగు కావ్యసంప్రదాయం కృతిని కన్యగా, అంకితం పుచ్చుకున్నవాడిని కృతిభర్తగా భావించింది. తటాకం, వనం, దేవాలయం మొదలైన సప్తసంతానాల్లో ప్రబంధం కూడా ఒకటి. కృతిభర్త ఇచ్చే ధనానికి ప్రతిఫలం శాశ్వతకీర్తి. ఈ వ్యవస్థలో కృతిభర్త ఒక్కడే కనుక, అతడికీ కవికీ మధ్య మాట స్పష్టంగా ఉండేది. ఆ సంబంధాన్నే నిరాకరించిన కవిగా పోతన ఐతిహ్యంలో నిలిచాడు. కావ్యాన్ని నరాంకితం చేయడం ఆ ఐతిహ్యం దృష్టిలో కన్యను అమ్ముకోవడంతో సమానం.

ఈ ఉపమానాన్ని విజయనగరం నేపథ్యంలో చూస్తే మరింత పదునెక్కుతుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ఈ నేలపైనే తొలిసారి ప్రదర్శితమైంది. పుట్టుకకు ముందే బిడ్డకు వెల కట్టే ఆచారాన్ని ఆ నాటకం ఎండగట్టింది. ఇంకా రూపొందని కృతికి ముందుగా డబ్బు పుచ్చుకోవడం కూడా ఒక కన్యాశుల్కమేనా? డబ్బు పుచ్చుకున్న తరువాత కృతికి తన సహజమైన ఎదుగుదల ఉండదని, మాట ఇచ్చిన చోటికే పోవలసి వస్తుందని వాదించవచ్చు. ఈ ఆక్షేపణను తేలిగ్గా కొట్టివేయలేం.

అయితే దీనికి సమాధానం కూడా ఆ నాటకచరిత్రలోనే ఉంది. 1897 నాటి తొలి ముద్రణను గురజాడ ఆనందగజపతి మహారాజుకు అంకితమిచ్చారు. అంకితం ఉన్నంతమాత్రాన నాటకభాష ఆస్థానమర్యాదకు లొంగలేదు. వీధుల్లో, లోగిళ్లలో మాట్లాడే భాషే అందులో నిలిచింది. పోషకుడు కృతి బయటికి రావడానికి ఆధారమయ్యాడు, భాష మాత్రం కర్తదిగానే ఉండిపోయింది. శుల్కానికీ పోషణకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. డబ్బు ముందు ఇచ్చారా, వెనుక ఇచ్చారా అన్న దానికంటే, ఆ డబ్బు కృతి స్వభావాన్ని కొనుగోలు చేసిందా లేదా అన్నదే నిర్ణాయకం.

3. చదివింపు, చందా

రాజపోషణకు సమాంతరంగా జనపోషణ కూడా ఉంది. కొన్ని కులాల పుట్టుపూర్వోత్తరాలను గానం చేసే ఆశ్రిత కళాకారులకు ఆ కులాల కుటుంబాలు ఆచారంగా కానుకలు ఇస్తూ వచ్చాయి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు ఇందుకు ఉదాహరణలు. ఇక్కడ దాతల కథనే కళాకారుడు చెబుతాడు. అయినా కథకు ప్రమాణం కథకుడే. కానుక ఇచ్చే ఇంటివారు వంశక్రమాన్ని తమకు నచ్చినట్టు చెప్పమనరు. అడగడం కళాకారుడి హక్కు, ఇవ్వడం ఆ ఇంటి బాధ్యత. ఈ వ్యవస్థలో కుల అంతరాలు ఉన్నాయి కాబట్టి దీనిని ఆదర్శంగా చూపలేం. కానీ కానుకకూ కథాధికారానికీ మధ్య అది పాటించిన ఎడం గమనించదగింది.

ఉత్తరాంధ్రలో తూర్పు భాగవతం, జముకుల కథ వంటి ప్రదర్శనల సందర్భంలో మరొక రూపం కనిపిస్తుంది. అది చదివింపు. ఆట నడుస్తుండగా ప్రేక్షకుడు డబ్బు ఇస్తాడు, ఆ పేరూ మొత్తమూ అందరికీ వినబడేలా చదువుతారు. ఇది చూసి ఇచ్చే డబ్బు. చందా ఇందుకు భిన్నమైనది. నాటకం వేయించడానికి ఊరంతా ముందుగా పోగుచేసేది చందా. చదివింపు మెప్పుకు గుర్తు, చందా నమ్మకానికి గుర్తు.

వీడియో గేముల నేపథ్యంతో వచ్చిన రెండు అమెరికన్ వెబ్ సిరీస్‌లు ఈ రెండు రూపాలకూ సరిగ్గా సరిపోతాయి. ఫెలీషియా డే 2007లో ప్రారంభించిన ‘ది గిల్డ్’ ఆన్‌లైన్ గేము ఆడే ఒక బృందం కథ. తొలి భాగాలు చూసిన ప్రేక్షకులు పంపిన విరాళాలతో మొదటి సీజన్‌లోని మిగతా భాగాలు తయారయ్యాయి. ఇది చదివింపు. ఫ్రెడ్డీ వాంగ్ బృందం 2012లో విడుదల చేసిన ‘వీడియో గేమ్ హై స్కూల్’ కిక్‌స్టార్టర్ వేదికపై 75 వేల డాలర్లు కోరి, 2 లక్షల 70 వేలకు పైగా డాలర్లు పొందింది. సిరీస్ కనబడకముందే ఇచ్చిన డబ్బు కనుక ఇది చందా.

భారతీయ సినిమాలో శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ (1976) చందాకు ఉన్నతమైన ఉదాహరణ. గుజరాత్‌కు చెందిన అయిదు లక్షల మంది పాడిరైతులు తలా రెండు రూపాయలు ఇచ్చి ఆ చిత్రాన్ని నిర్మించారు. మొత్తం అందరికీ సమానం కాబట్టి కృతిభర్తలంతా సమానులే. తెలుగులో ఫణీంద్ర నర్సెట్టి దర్శకత్వంలో 2018లో వచ్చిన ‘మను’ కూడా సామూహిక నిధితో నిర్మితమైన చిత్రమే. ఇటీవలి వేదికలు మాత్రం మొత్తాన్ని బట్టి బహుమతులను అంతస్తులుగా విభజిస్తున్నాయి. ఎక్కువ ఇచ్చినవారి పేరు ముందు వస్తుంది, కొన్నిచోట్ల తెరపై చిన్న పాత్ర కూడా దొరుకుతుంది. పెద్ద చదివింపును పెద్ద గొంతుతో చదివే అలవాటుకు ఇది కొనసాగింపు. తెరపై పాత్ర ఇవ్వడం మాత్రం ఆ అలవాటును దాటి కథలోకి చొరబడుతుంది.

4. పందెం

హాలెండ్ చరిత్రకారుడు యొహాన్ హౌజింగా 1938లో వెలువరించిన ‘హోమో లూడెన్స్’లో, ఆటకు మామూలు జీవితం నుంచి వేరుపడిన తనదైన స్థలమూ కాలమూ ఉంటాయని ప్రతిపాదించాడు. వీడియో గేము ఈ లక్షణాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లింది. ఓడిన ఆటగాడు మళ్లీ మొదటి దశ నుంచి ఆడుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు. గేముల మధ్య పెరిగిన తరం సృజనలో సాహసించడానికి ఈ స్వేచ్ఛ ఒక బలం. కానీ పరుల సొమ్ముతో కృతి నిర్మించేటప్పుడు ఓటమి ఆ గీత దాటి బయటికి వస్తుంది. రెండోసారి ఆడడానికి దాత రెండోసారి ఇవ్వాలి.

తనది కానిదాన్ని పణంగా ఒడ్డవచ్చా అన్న ప్రశ్నను తెలుగు పాఠకుడు సభాపర్వంలోనే ఎదుర్కొన్నాడు. ధర్మరాజు ముందుగా ఓడింది తననా, తననా అని ద్రౌపది అడుగుతుంది. తనను తాను ఓడిపోయినవాడికి మరొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిదన్నది ఆ ప్రశ్న సారం. సభలోని పెద్దలెవరూ తేల్చి చెప్పలేకపోయారు. మన సందర్భంలో ఈ ప్రశ్నకు ఒక సమాధానం సాధ్యమే. ద్రౌపదిని ఎవరూ అడగలేదు. దాత తెలిసి ఇచ్చాడు. ఓటమికి కూడా అతడు సమ్మతించాడు. కిక్‌స్టార్టర్‌లో నిధి పొందిన ప్రణాళికల్లో సుమారు 9 శాతం మాట ఇచ్చిన ప్రతిఫలాన్ని అందించలేకపోయాయని ఈథన్ మాలిక్ 2015లో చేసిన అధ్యయనంలో తేలింది. ఆ ప్రమాదాన్ని ముందే తెలిపితే ఓటమి మోసం కాదు. దాచిపెడితే మాత్రం కృతి విజయవంతమైనా తప్పు తప్పే, ఎందుకంటే దాత సమ్మతించిన ఆట అది కాదు.

అయితే ద్రౌపది స్థానంలో మరొకరు ఉన్నారు. కొత్తవలస బృందంలో కెమెరా పట్టిన స్నేహితుడు, రాత్రంతా కూర్పు చేసిన అమ్మాయి, ఇల్లు చిత్రీకరణకిచ్చిన పొరుగువారు. డబ్బు చాలనప్పుడు మొదట ఆగిపోయేది వీరి వేతనమే. రెండు వందలు ఇచ్చినవారి పేరు తెరపై పడుతుంది. మూడు నెలల శ్రమ ఇచ్చినవారి పేరు దాతల పట్టికలో ఉండదు. దాతకు తెలిపిన ప్రమాదాన్ని వీరికి ఎవరూ విడమరచి చెప్పరు, స్నేహం పేరుతో సమ్మతి ఉన్నట్టే భావిస్తారు. ఈ పద్ధతిలో అత్యంత బలమైన నైతిక ఆక్షేపణ ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

5. లెక్క, కథ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. దాత స్వచ్ఛందంగా ఇచ్చాడు కనుక అతడికి ఏ హక్కూ లేదన్నది ఒక వాదం. కొనుగోలుదారు కనుక తనకు కావలసిన వస్తువును కోరవచ్చన్నది మరొకటి. పై పరిశీలనను బట్టి రెండూ నిలవవు. చందా ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు ఉంది. జాతరకు పోగైన చందాకు ఊరిపెద్దలు లెక్క చెప్పడం మనకు తెలిసిన మర్యాదే. ‘వీడియో గేమ్ హై స్కూల్’ నిర్మాతలు తమ ఖర్చును బహిరంగంగా వివరించడం కూడా ఈ కోవలోనిదే. లెక్క అంటే రూపాయల లెక్క ఒక్కటే కాదు. జాప్యమైతే జాప్యమని, ప్రయత్నం విఫలమైతే విఫలమని, ఎవరికి వేతనం ఇవ్వలేకపోయారో వారి పేర్లతో సహా చెప్పడం అందులో భాగం.

కథ విషయంలో ఆ హక్కు వర్తించదు. దూరదేశపు దాతల్లో కొందరు సంభాషణలు తమ పిల్లలకూ అర్థమయ్యేలా కాస్త మార్చమని కోరారనుకుందాం. వారి కోరికలో దురుద్దేశం ఉండకపోవచ్చు. మొత్తం నిధిలో వారి వాటా ఎక్కువ కూడా కావచ్చు. అయినా ఆ మార్పుకు బృందం ఒప్పుకుంటే, ఏ భాషకోసం నిధి అడిగారో ఆ భాషనే నిధికోసం వదులుకున్నట్టవుతుంది. కొత్తవలసలో రెండు వందలు ఇచ్చిన దాత ఇచ్చింది తన మాట తెరపై నవ్వులాట కాకుండా వినబడుతుందన్న నమ్మకంతో. దూరపు దాతకు ఉపశీర్షికలు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. మాట మార్చడం మాత్రం ఊరి దాతకు ఇచ్చిన మాట తప్పడమే. కర్త స్వాతంత్ర్యం ఇక్కడ కర్త సొంత సౌకర్యం కాదు. తక్కువ ఇచ్చిన దాతను ఎక్కువ ఇచ్చిన దాత నుంచి కాపాడే ఏర్పాటు అది.

కాబట్టి ఒక కృతికి కృతిభర్తలు వేలమంది ఉండవచ్చు. వారందరికీ సమానంగా చెందేది లెక్క. కథ వారిలో ఏ ఒక్కరికీ విడిగా చెందదు. ఈ విభజనను నిధి అడిగేనాడే, డబ్బు ఇచ్చేవారికీ శ్రమ ఇచ్చేవారికీ ఒకే పత్రంలో రాసి చూపడం కర్త మొదటి విధి. ఆశ్రిత కళాకారుల మిరాశీ హక్కుల చరిత్రను, చదివింపు ఆచారాన్ని ఈ దృష్టితో మరింత లోతుగా పరిశీలిస్తే, కొత్త మాధ్యమాల నైతికతకు అవసరమైన పరిభాష మన జానపద కళాచరిత్రలోనే లభించే అవకాశం ఉంది.